ఫోర్డ్ 1914లో కూలి రెట్టింపు ఎందుకు చేశాడు? కార్లు కొనిపించడానికే అంటే నమ్మబుద్ధి కావడం లేదు

బెజవాడ_బీకాం
నిన్న మా తరగతిలో ఒక మిత్రుడు అమెరికా కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ గురించి సెమినార్ ఇచ్చాడు. 1914 జనవరిలో ఫోర్డ్ తన కార్మికుల రోజుకూలిని సుమారు 2 డాలర్ల 34 సెంట్ల నుంచి ఒకేసారి 5 డాలర్లకు పెంచాడని, పనిగంటలను తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడని, తాను తయారు చేసే కారును తన కార్మికుడే కొనగలగాలన్న దూరదృష్టితోనే ఇదంతా చేశాడని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చి మా నాన్నగారికి చెబితే, "ముప్ఫై ఏళ్ళు మిల్లులో పని చేశాను, మా నూలు మేమే కొనుక్కుంటామని కూలి పెంచిన యజమానిని చూడలేదు" అన్నారు. అప్పటి నుంచి ఆ మాటే మనసులో తిరుగుతోంది. చట్టం బలవంతపెట్టలేదు, ఆ ఫ్యాక్టరీలో సమ్మె లేదు, గేటు బయట పాత కూలికే వచ్చేవాళ్ళు ఉన్నారు. అలాంటప్పుడు ఒక పారిశ్రామికవేత్త తనంతట తాను రెట్టింపు ఇవ్వడానికి అసలు కారణం ఏమై ఉంటుంది?

అంకెల_అప్పారావు
మీ నాన్నగారి మాట లెక్కకు కూడా నిలుస్తుంది. అప్పుడు ఆ ఫ్యాక్టరీలో సుమారు 14,000 మంది ఉన్నారు. రోజుకు 2 డాలర్ల 66 సెంట్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు అదనంగా ఇస్తే కోటీ పది లక్షల డాలర్లు దాటుతుంది. కంపెనీ కూడా ఆ ఏడాది భారాన్ని కోటి డాలర్లుగానే అంచనా వేసింది. అప్పట్లో మోడల్ టి కారు ధర సుమారు 500 డాలర్లు. ఆ 14,000 మందిలో ప్రతి ఒక్కరూ ఏటా ఒక కొత్త కారు కొన్నా వచ్చే మొత్తం 70 లక్షలు, అందులో లాభం కొంతే. ఏ కార్మికుడూ ఏటా కారు కొనడు. తన జేబులోంచి కోటి తీసి ఇచ్చి, అందులో కొన్ని లక్షలు తిరిగి రాబట్టుకోవడాన్ని వ్యాపారం అనలేం.

గోదారిగట్టు
అప్పారావు గారి లెక్క బాగుంది, కానీ ఆ కారణాన్ని ఫోర్డ్ స్వయంగా చెప్పాడని నేను చదివాను. మరి ఆయన మాటనే కాదంటామా?

అర్థశాస్త్రం_మాస్టారు
గోదారిగట్టు గారూ, ఆయన ఆ మాట చెప్పినది నిజమే, అయితే కూలి పెంచిన చాలా ఏళ్ళ తర్వాత, 1920లలో, అధిక వేతనాలే మార్కెట్‌ను పెంచుతాయన్న వాదాన్ని ప్రచారం చేస్తున్న కాలంలో చెప్పాడు. అదే కాలంలో ఆయన ఇంకొక మాట కూడా చెప్పాడు: ఎనిమిది గంటల పనికి 5 డాలర్లు ఇవ్వడం తాము చేపట్టిన ఖర్చు తగ్గింపు చర్యల్లోకెల్లా మేలైన వాటిలో ఒకటి అని. కూలి పెంచితే ఖర్చు తగ్గడం ఏమిటన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దానికి జవాబు 1914లో కాదు, 1913లో దొరుకుతుంది.

డెట్రాయిట్ పక్కన హైలాండ్ పార్క్‌లో ఉన్న ఆ ఫ్యాక్టరీలో 1913 వసంతంలో మొదట మాగ్నెటో (ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే భాగం) విభాగంలోనూ, ఆ ఏడాది శరదృతువులో ఛాసిస్ (కారు అడుగు చట్రం) విభాగంలోనూ కదిలే అసెంబ్లీ లైను పెట్టారు. అంతకుముందు ఒక ఛాసిస్ బిగించడానికి సుమారు 12 గంటలన్నర పట్టేది. 1914 వసంతం నాటికి అది 93 నిమిషాలకు వచ్చింది. ఒకప్పుడు చేతిలో పనితనం ఉన్న మెకానిక్ కారు చుట్టూ తిరుగుతూ చేసిన పనిని ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క మనిషికి అప్పగించారు. అతను రోజంతా నిలబడిన చోటు కదలకుండా అదే బోల్టు బిగిస్తాడు. కారు కదులుతుంది, మనిషి కదలడు.

ఆ పనిని మనుషులు భరించలేకపోయారు. 1913లో ఆ ఫ్యాక్టరీలో మానేసి వెళ్ళినవారి రేటు 370 శాతం. అంటే 14,000 మందితో నడిచే చోట ఆ ఏడాది 52,000 మందికి పైగా కొత్తవారిని చేర్చుకోవలసి వచ్చింది. ప్రతిరోజూ పది మందిలో ఒకరు నాగా. ఆ మార్చి నెలలో వెళ్ళిపోయిన వాళ్ళలో పదికి ఏడుగురు "మానేస్తున్నాను" అని కూడా చెప్పలేదు, రావడం మానేశారంతే. వరసగా ఐదు రోజులు రాకపోతే పేరు కొట్టేసేవారు. ఇది సమ్మె కాదు కానీ, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే వేలమంది చేసిన తిరస్కారమని నేను అనుకుంటాను.

లేతు_శంకరం
మాస్టారు చెప్పింది పుస్తకంలో చదివితే అంకె, షెడ్డులో నిలబడితే కడుపుమంట. బాలానగర్‌లో నాకు చిన్న మెషిన్ షాపు ఉంది, పద్దెనిమిది మంది పని చేస్తారు. ఆరేడేళ్ళ క్రితం ఒక ఏడాదిలో పదకొండు మంది సీఎన్‌సీ ఆపరేటర్లు మారారు. పక్క వీధిలో వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తామంటే చెప్పకుండా వెళ్ళిపోయేవారు. కొత్తగా వచ్చిన కుర్రాడికి పని చూపించడానికి నా సీనియర్ ఫిట్టరు తన పని ఆపుకోవాలి, ఈలోగా ఆ కుర్రాడు రెండు టూల్స్ విరగ్గొడతాడు, ఒక లాటు మొత్తం రిజెక్టు అయి వెనక్కి వస్తుంది. ఈ నష్టం ఏ రిజిస్టరులోనూ "కూలి" అన్న పద్దు కింద కనపడదు. నేను అందరికీ నెలకు మూడువేలు పెంచిన ఏడాది మా ఇంట్లో వాళ్ళు నాకు మతి పోయిందన్నారు. ఆ తర్వాత రెండేళ్ళలో ఇద్దరే మానేశారు, రిజెక్షన్ సగానికి పైగా తగ్గింది. అందువల్ల ఫోర్డ్ చేసినది దానమూ కాదు, మార్కెట్ పెంచడమూ కాదు, కుదురుగా ఉండే మనిషిని కొనుక్కోవడమని నా అభిప్రాయం.

బెజవాడ_బీకాం
శంకరం గారూ, మీ దగ్గర ఆపరేటరుకు నైపుణ్యం కావాలి, అతను వెళ్ళిపోతే నష్టమే. కానీ మాస్టారు చెప్పిన ప్రకారం ఫోర్డ్ దగ్గర ఒక్క బోల్టు బిగించడమే పని. అలాంటి పనిని ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకుంటారు కదా? ఒకడు పోతే గేటు దగ్గర ఉన్న ఇంకొకడిని లోపలికి పిలవడంలో పోయేదేముంది?

అంకెల_అప్పారావు
ఇది గట్టి ప్రశ్న. ఫోర్డ్ తానే 1920లలో రాసిన లెక్క ప్రకారం ఆ ఫ్యాక్టరీలోని పనుల్లో 43 శాతం పనులకు శిక్షణ ఒక్క రోజుకు మించి అవసరం లేదు. అందువల్ల శిక్షణ ఖర్చు ఆదా అన్న వాదన ఒక్కటే సరిపోదు.

అర్థశాస్త్రం_మాస్టారు
సరిపోదనే 1987లో డేనియల్ రాఫ్, లారెన్స్ సమ్మర్స్ అనే ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు ఈ కేసును మళ్ళీ తవ్వి చూపారు. మనుషులు మారడం వల్ల అయ్యే ఖర్చు ఎంత ఉదారంగా లెక్కగట్టినా, అందులో ఆదా అయినదానితో మాత్రమే పెంచిన కూలి గిట్టుబాటు కాదని, ఉత్పాదకత పెరగడాన్ని కూడా కలుపుకుంటే తప్ప లెక్క పొసగదని వారు తేల్చారు. మా శాస్త్రంలో దీనికి సామర్థ్య వేతనం అని పేరు. మార్కెట్‌లో ఉన్న రేటు కంటే ఎక్కువ కూలి ఇచ్చినప్పుడు, ఆ ఉద్యోగం పోతే బయట దొరికేది సగమే కాబట్టి కార్మికుడు దాన్ని పోగొట్టుకోవడానికి ఇష్టపడడు. మేస్త్రీ తల తిప్పినా పని ఆగదు.

ఇక మన విద్యార్థి అడిగిన దానికి వస్తాను. లైను లేని షెడ్డులో ఒకడు రాకపోతే అతని పని మాత్రమే ఆగుతుంది. లైను ఉన్నచోట ఒకడు రాకపోతే అతని తర్వాత నిలబడిన వాళ్ళందరి చేతులూ ఆగిపోతాయి. ఒకడు నెమ్మదిగా చేస్తే అందరూ నెమ్మదిగా చేసినట్టే. పని ఎంత సులువైతే అంత చవకగా మనిషి దొరుకుతాడన్నది నిజమే కానీ, ఆ సులువైన పనిలో ఒక్క మనిషి తప్పడం వల్ల కలిగే నష్టం మాత్రం మునుపటికంటే ఎన్నో రెట్లు పెరిగింది. లక్షల డాలర్లు పోసి పెట్టిన యంత్రాలన్నీ, అదే వేళకు వచ్చి అదే వేగంతో చేసే మనిషి మీద ఆధారపడ్డాయి. ఫోర్డ్ కొన్నది నైపుణ్యాన్ని కాదు, క్రమాన్ని.

లేతు_శంకరం
ఆఖరి మాట ఒప్పుకుంటున్నాను. మా దగ్గర కూడా పనితనం ఉండి సోమవారం రానివాడికంటే, ఓ మోస్తరుగా చేసినా రోజూ ఎనిమిదికి గేటు దగ్గర ఉండేవాడే నాకు ధైర్యం.

నోవై_నుంచి
నేను పన్నెండేళ్ళుగా డెట్రాయిట్ శివార్లలో ఉంటూ వాహన పరిశ్రమలోనే పని చేస్తున్నాను. ఆ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఉంది, ఆల్బర్ట్ కాన్ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేశాడు, కొన్ని భవనాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఆ దారిన వెళ్ళిన ప్రతిసారీ నాకు గేటు బయట ఉన్న జనం గుర్తుకొస్తారు.

జనవరి 5న ప్రకటన వెలువడింది, 12 నుంచి అమలు. మరునాటికే దేశం నలుమూలల పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కింది. ఆ వారంలో దాదాపు పది వేల మంది పని కోసం గేటు ముందు చేరారు. ఉద్యోగాలు అయిపోయాయని చెప్పినా కదలలేదు, తోపులాట జరిగింది. జనవరి 12న, గడ్డకట్టే చలిలో, వాళ్ళ మీద అగ్నిమాపక గొట్టాలతో నీళ్ళు కొట్టారు. మిషిగన్ జనవరి చలిలో ఒంటి మీద నీళ్ళు పడితే ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్ళకు తెలుస్తుంది, బట్టలు నిలువునా బిగుసుకుపోతాయి. 5 డాలర్ల చరిత్రలో నేను ముందు చెప్పవలసినది ఇదే అనుకుంటాను, ఎందుకంటే లోపల ఉన్నవాడు క్రమంగా ఉండడానికి బయట ఉన్న ఈ గుంపు కూడా ఒక కారణం.

గోదారిగట్టు
పత్రికల్లో మొదటి పేజీ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. అంత ప్రచారానికి డబ్బు పెట్టి కొనాలంటే ఎంత అయ్యేదో? ఇందులో ప్రకటనల లాభం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అంకెల_అప్పారావు
అది నిజమే. అయితే ప్రచారం ఒక వారం ఉంటుంది, కూలి ప్రతి వారం ఇవ్వాలి. దాన్ని అదనపు లాభమని అనగలమే కానీ కారణమని నేను అనను. ఇవ్వడానికి స్తోమత ఉందన్నది మరచిపోకూడదు. 1913లో కంపెనీ లాభం సుమారు 2 కోట్ల 70 లక్షల డాలర్లు. కూలి పెంచిన 1914లో అది తగ్గకపోగా 3 కోట్లకు చేరింది. వెళ్ళిపోయేవారి రేటు 370 శాతం నుంచి 1914లో 54 శాతానికి, 1915లో 16 శాతానికి పడిపోయింది. కారు ధర మాత్రం ఆ ఏళ్ళలో తగ్గుతూనే వచ్చింది.

ఎర్రసిరా
ఇప్పటిదాకా అందరూ యజమాని లెక్కల పుస్తకంలోంచే చూస్తున్నారు. 1913 వేసవిలో డెట్రాయిట్ ఎలా ఉందో కూడా చూడాలి. ఐడబ్ల్యూడబ్ల్యూ అనే కార్మిక సంఘం వాళ్ళు ఫోర్డ్ గేటు దగ్గరే సభలు పెట్టారు. ఆ జూన్‌లో స్టుడ్‌బేకర్ కార్ల ఫ్యాక్టరీలో వేలమంది సమ్మెకు దిగారు. ఆ నగరంలో ఉన్న యజమానికి తర్వాతి వంతు ఎవరిదో ఎవరూ చెప్పనక్కరలేదు. సమ్మె లేదు కాబట్టి తనంతట తానే ఇచ్చాడని మన విద్యార్థి రాశారు. ఇల్లు అంటుకున్నాక నీళ్ళు పోసేవాడు ఒకడైతే, పక్కింటి పొగ చూసి ముందుగానే పోసేవాడు ఇంకొకడు. రెండోవాడిని దయామయుడు అనలేం, తెలివైనవాడు అనవచ్చు.

రెండో విషయం. 5 డాలర్లు కూలి కానే కాదు. అందులో సగం కూలి, మిగతా సగం "లాభంలో వాటా". మొదటి సగం పని చేస్తే వస్తుంది. రెండో సగం రావాలంటే ఎలా బతుకుతున్నావో చూపించాలి.

నోవై_నుంచి
ఎర్రసిరా గారు చెప్పినది అక్షరాలా సరైనది. అందుకోసమే సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్ అని ఒక విభాగం పెట్టారు. మొదట జాన్ లీ, 1915 చివర్లో శామ్యూల్ మార్క్విస్ అనే చర్చి గురువు దాన్ని నడిపారు. కంపెనీ ఉద్యోగులు కార్మికుల ఇళ్ళకు వెళ్ళి పెళ్ళి కాగితాలు, బ్యాంకు పొదుపు పుస్తకం, ఇంటి శుభ్రత, తాగుడు అలవాటు, ఇంట్లో అద్దెకు పెట్టుకున్న బయటి మనుషులు, అన్నీ ఆరా తీసేవారు. ఇరుగుపొరుగును కూడా అడిగేవారు. తప్పు కనపడితే ఆ రెండో సగం ఆగిపోతుంది, ఆరు నెలల్లో మారకపోతే ఉద్యోగమే పోతుంది. ఆ కార్మికుల్లో పదికి ఏడుగురు విదేశాల్లో పుట్టినవారు: పోలండ్, రష్యా, ఇటలీ, రొమేనియా, ఆస్ట్రియా-హంగరీ రాజ్యపు పల్లెల నుంచి వచ్చినవారు. వాళ్ళకు ఇంగ్లిషు బడి పెట్టారు. పట్టా ఇచ్చే ఉత్సవంలో ఒక పెద్ద బాన లాంటి దానిలోకి సొంత దేశపు బట్టలతో దిగి, అవతలి వైపు అమెరికా బట్టలతో, జెండా పట్టుకుని బయటికి రావాలి.

ఇంకొకటి చెబుతాను. 5 డాలర్ల ప్రకటన వచ్చిన ఆ జనవరిలోనే, పాత పంచాంగం ప్రకారం క్రిస్మస్ చేసుకునే గ్రీకు, రష్యన్ ఆర్థొడాక్సు కార్మికులు పండుగ రోజు పనికి రాలేదని 800 మందికి పైగా తీసేశారు. అమెరికాలో ఉండాలనుకుంటే అమెరికా పండుగలే చేసుకోవాలన్నది కంపెనీ వాదన.

కుట్టుమిషన్_సుధ
సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి గేటు లోపలికి రానివ్వకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, నోవై గారు రాసిన చివరి పేరా దగ్గర కాసేపు ఆగిపోయాను.

నేను ఎగుమతి బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్ళు లైను మీద పని చేశాను. పేరు చెప్పను. మాకూ రెండు సగాలు ఉండేవి. జీతం ఒకటి, అటెండెన్స్ బోనసు ఇంకొకటి. నెలలో ఒక్క రోజు నాగా పెడితే బోనసు మొత్తం పోతుంది. మా బాబుకు డెంగ్యూ జ్వరం వచ్చిన నెలలో రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. మిగతా ఇరవై నాలుగు రోజులూ గంట కొట్టకముందే మిషన్ దగ్గర ఉన్నాను, అయినా బోనసు రాలేదు. జీతంలో ఆ బోనసు ఐదో వంతు ఉంటుంది. అంటే అది మాకు ఎక్కువ ఇచ్చేది కాదు, మా దగ్గర ఉంచుకుని, మేం తప్పు చేస్తే ఇవ్వకుండా ఉండేది. మాస్టారు క్రమాన్ని కొనుక్కోవడం అన్నారు. కొనుక్కునేవారికి అది క్రమం, అమ్మేవారికి మాత్రం పిల్లాడికి జ్వరం వచ్చిన రోజు ఎటు వెళ్ళాలో తేల్చుకోలేకపోవడం.

ఇంకొక ప్రశ్న. ఆ 5 డాలర్లు ఆడవాళ్ళకు ఇచ్చారా?

నోవై_నుంచి
మొదట ఇవ్వలేదు సుధ గారూ. 22 ఏళ్ళు నిండినవారై, ఆరు నెలలు పని చేసినవారై ఉండాలి. 22 దాటని మగవారికి కూడా పోషించవలసిన కుటుంబం ఉంటే ఇచ్చారు. ఆడవారిని 1916లో గానీ ఆ పథకంలోకి తీసుకోలేదు.

అర్థశాస్త్రం_మాస్టారు
సుధ గారి అనుభవం మా సిద్ధాంతంలోని ఒక లోటును చూపిస్తోంది. సామర్థ్య వేతనం అన్నప్పుడు మేము కార్మికుడు "పోగొట్టుకోవడానికి ఇష్టపడడు" అని మృదువుగా రాస్తాం. ఆ వాక్యంలో ఉన్న భయాన్ని తరగతిలో ఎప్పుడూ చెప్పలేదు. ఇకమీదట చెబుతాను.

టాటానగర్_తెలుగు
మా తాతగారు శ్రీకాకుళం వైపు పల్లె నుంచి జంషెడ్‌పూర్ వచ్చి స్టీలు ఫ్యాక్టరీలో చేరారు, మా వీధిలో సగం మంది తెలుగువాళ్ళే. ఫోర్డ్ కంటే ముందే, 1912లోనే, టాటా స్టీలు ఎనిమిది గంటల పనిదినం పెట్టిందని, 1920లో ప్రావిడెంట్ ఫండ్ ఇచ్చిందని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. అడవి మధ్య కట్టిన ఫ్యాక్టరీకి మనిషిని రప్పించి నిలబెట్టాలంటే ఏదో ఒకటి ముందుగా ఇవ్వక తప్పదు. అయినా 1920లోనూ, 1922లోనూ, 1928లోనూ అక్కడ పెద్ద సమ్మెలు జరిగాయి. యజమాని ముందుగా ఇస్తే కార్మికుడు అడగడం మానేస్తాడన్న లెక్క ఎక్కడా ఎక్కువకాలం నిలవలేదని చెప్పడానికే ఇది రాశాను.

లేతు_శంకరం
ఇక్కడ యజమానిని మరీ దోషిగా నిలబెడుతున్నారనిపిస్తోంది. ఫోర్డ్ ఉద్దేశం ఏదైనా కావచ్చు, ఆ కార్మికుడి ఇంట్లో పొయ్యి మీద ఉన్న గిన్నె పెద్దదైందా, లేదా? రెండో సగానికి షరతులు ఉన్నాయన్నది నిజమే. కానీ పక్క ఫ్యాక్టరీ యజమాని షరతులు లేకుండా సగం మాత్రమే ఇస్తున్నాడు. పదివేల మంది చలిలో తడిసి కూడా ఆ గేటు దగ్గరే నిలబడ్డారంటే, వాళ్ళకు తమ మేలు తెలియదని మనం అనగలమా?

ఎర్రసిరా
తెలియదని అనను. గిన్నె పెద్దదైంది, ఒప్పుకుంటాను. అయితే ఎన్నాళ్ళు? మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ధరలు బాగా పెరిగిపోయాయి, 1919లో ఫోర్డ్ 6 డాలర్లు చేసేనాటికి దానితో వచ్చే సరుకు 1914 నాటి 5 డాలర్లతో వచ్చినంత లేదు. 1929 చివర్లో 7 డాలర్లు అని ప్రకటించాడు, మాంద్యం ముదిరాక 1932కల్లా 4కు దించాడు. ఆ ఏడాది మార్చి 7న పని, రొట్టె అడుగుతూ ఫోర్డ్ రూజ్ ఫ్యాక్టరీకి నడిచి వచ్చిన నిరుద్యోగుల మీద పోలీసులు, కంపెనీ మనుషులు తుపాకులు పేల్చారు, నలుగురు అక్కడే చనిపోయారు. 1937 మేలో కరపత్రాలు పంచడానికి వచ్చిన సంఘం నాయకులను కంపెనీ కాపలా దళాన్ని నడిపిన హ్యారీ బెనెట్ మనుషులు వంతెన మీద చితకబాదారు. డెట్రాయిట్ పెద్ద కంపెనీల్లో సంఘాన్ని గుర్తించడానికి అందరికంటే చివర, 1941లో, ఒప్పుకున్నది ఫోర్డే. తన ఇష్టంతో ఇచ్చినదాన్ని తన ఇష్టంతోనే వెనక్కి తీసుకోవచ్చు. నేను పట్టుకున్న తేడా అదొక్కటే, ఆయన మంచివాడా చెడ్డవాడా అన్నది నాకు ముఖ్యం కాదు.

అంకెల_అప్పారావు
5 డాలర్ల అంకె ఫోర్డ్‌దే అని అనుకుంటున్నాం కానీ, దానికోసం పట్టుబట్టినది వ్యాపార వ్యవహారాలు చూసిన జేమ్స్ కజెన్స్ అన్న కథనం కూడా బలంగా ఉంది. ఆయన తర్వాత డెట్రాయిట్ మేయరు, ఆపైన సెనేటరు అయ్యాడు. ఒక్క మనిషి మనసులో ఒకే కారణం ఉందనుకుని వెతకడం వల్లనే మనకు ఇంత చిక్కు వస్తోందేమో.

నోవై_నుంచి
శంకరం గారూ, మీరు అడిగిన ప్రశ్నకు ఆ కాలపు మనిషి రాసిన జవాబు ఒకటి ఉంది. 1914 జనవరి 23న, అంటే కొత్త కూలి మొదలైన పదకొండు రోజులకు, లైను మీద పని చేసే ఒక కార్మికుడి భార్య పేరు రాయకుండా ఫోర్డ్‌కు ఉత్తరం రాసింది. తన భర్త ఇంటికి వచ్చి, ఒంట్లో ఓపిక లేక, అన్నం కూడా తినకుండా పడిపోతున్నాడని, ఆ గొలుసు పద్ధతి మనుషులను బానిసల్లా తోలుతోందని, దాన్ని మార్చలేరా అని అడిగింది. ఆ 5 డాలర్లు మీరనుకున్న దానికంటే పెద్ద వరమే అని కూడా రాసింది, కానీ వాళ్ళు దాన్ని ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించుకుంటున్నారని ముగించింది. ఆ ఉత్తరం ఇప్పటికీ భద్రంగా ఉంది.

బెజవాడ_బీకాం
ఈ ఉత్తరం సంగతి మా నాన్నగారికి చదివి వినిపించాను. రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన రోజుల్లో మా అమ్మ కూడా ఇదే అనేదని చెప్పి కాసేపు మాట్లాడలేదు. సెమినార్ ఇచ్చిన మిత్రుడికి అప్పారావు గారి లెక్క చూపించాను, వచ్చే వారం మళ్ళీ మాట్లాడతానన్నాడు. నాకు ఇప్పుడు ఉన్న అవగాహన ఇది: లైను పెట్టడం వల్ల పని భరించరానిదైంది, భరించలేని మనుషులు వెళ్ళిపోయారు, వాళ్ళను నిలబెట్టడానికి అయిన ధర 5 డాలర్లు. అంటే అది కారు కొనడానికి ఇచ్చిన డబ్బు కాదు, కారు తయారు చేసే పద్ధతిని ఓర్చుకోవడానికి ఇచ్చిన డబ్బు. తప్పైతే దిద్దండి.

అర్థశాస్త్రం_మాస్టారు
దిద్దవలసినది లేదు. ఎర్రసిరా గారు చెప్పిన స్టుడ్‌బేకర్ సమ్మెను కూడా నీ వ్యాసంలో చేర్చు. 1913 అక్టోబరులోనే జాన్ లీ సలహాతో కూలి సగటున 15 శాతం పెంచి, మనుషులను ఇష్టం వచ్చినట్టు తీసేసే అధికారాన్ని ఫోర్‌మన్ల చేతుల్లోంచి తప్పించారు. జనవరి నాటికి అది సరిపోలేదని తేలింది. మొదటి మందు పని చేయలేదు కాబట్టే రెండోది అంత పెద్ద మోతాదులో ఇచ్చారన్నది కూడా రాయి.

లేతు_శంకరం
నిన్నటి నుంచి ఒక విషయం చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నా షాపులో కూడా అటెండెన్స్ బోనసు ఉంది. నెలకు పదిహేను వందలు, ఒక్క నాగా పడితే మొత్తం పోతుంది. అందరూ అలాగే పెడుతున్నారని నేనూ పెట్టాను. సుధ గారు రాసినది చదివాక రిజిస్టరు తీసి చూస్తే, కిందటి ఏడాది ఆ బోనసు ఎక్కువసార్లు పోగొట్టుకున్నవాడు మా ప్యాకింగ్ చూసే అతను. వాళ్ళమ్మగారికి డయాలసిస్ జరుగుతోంది. అతను బద్ధకస్తుడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈ పద్ధతి మార్చాలనుకుంటున్నాను. రోజుకు ఇంత అని కోస్తే సరిపోతుందా సుధ గారూ?

కుట్టుమిషన్_సుధ
రోజు లెక్కన కోయడం ఇప్పటి దానికంటే చాలా మేలు, కానీ దానితో పాటు ఇంకొకటి చేయండి. పొద్దున్నే ఫోను చేసి రాలేనని చెప్పిన రోజును, చెప్పకుండా మానేసిన రోజును వేరువేరుగా రాయండి. మా దగ్గర రెండూ ఒకటే కాబట్టి చెప్పడం వల్ల ప్రయోజనం లేక ఎవరూ చెప్పేవారు కాదు, లైను ఇంచార్జికి ఎనిమిదిన్నరకు గానీ తెలిసేది కాదు. ముందుగా చెబితే డబ్బు పోదని తెలిస్తే అందరూ చెబుతారు, మీకూ ఆ పూటకు ఇంకొకరిని సర్దుకునే వ్యవధి ఉంటుంది. ఆ ప్యాకింగ్ అతనికి డయాలసిస్ రోజులు ముందే తెలిసి ఉంటాయి కదా, ఆ రోజులకు షిఫ్టు మార్చుకోమనండి.

లేతు_శంకరం
మంగళవారం, శుక్రవారం అట. ఇప్పుడే అడిగాను. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం షిఫ్టు వేస్తున్నాను.